సముద్రపు దొంగలు అసలు ఎలాంటి ఓడలు వాడేవారు?

మీరు ఒక్క ప్రశ్నలో ఐదు అడిగారు. పైరేట్లు సినిమాల్లో చూపించినట్టు వరసలు వరసలుగా ఫిరంగులున్న పెద్ద ఓడల్లోనే తిరిగేవారా, మన సముద్రంలో కూడా వాళ్లుండేవారా, ఇప్పటి సోమాలియా వాళ్లు చిన్న బోటు వేసుకొచ్చి అంత పెద్ద ఓడని ఎలా పట్టుకుంటున్నారు, మరాఠాల కాన్హోజీ ఆంగ్రే పైరేటేనా, పాతిపెట్టిన నిధులు నిజమేనా అని. నేను సరకు ఓడల్లో డెక్ ఆఫీసరుగా పనిచేసి దిగినవాణ్ణి, సోమాలియా గొడవ బాగా ముదిరిన రోజుల్లో సోమాలియాకీ యెమెన్‌కీ మధ్య ఉన్న గల్ఫ్ ఆఫ్ ఏడెన్ మీదుగా వెళ్లినవాణ్ణి కూడా. పాత చరిత్ర అంతా ఆసక్తి కొద్దీ చదువుకున్నదే. కాబట్టి ఓడ మీద పనిచేసేవాడి కంటికి ఈ విషయం ఎలా కనిపిస్తుందో అలాగే చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు ఆ పెద్ద ఓడల సంగతి తేల్చేద్దాం. సినిమా తీసేవాడికి పెద్ద ఓడ కావాలి, ఎందుకంటే తెర మీద అదే బాగుంటుంది. దొంగకి కావలసింది వేరు. ఎదుటి ఓడని తరిమి అందుకోవాలి, నేవీ ఓడ కనిపిస్తే అది రాలేని తక్కువ లోతు నీళ్లలోకి దూరిపోవాలి, దాంట్లో వీలైనంత మంది మనుషులు పట్టాలి. ఫిరంగులు ఆ తర్వాతే. అసలు ఫిరంగులతో కొట్టుకోవడం వాళ్లకి నష్టం, గుండు తగిలితే పాడయ్యేది వాళ్లు కాజేయాలనుకున్న సరకూ, వాళ్లు వాడుకోవాలనుకున్న ఓడా కదా. నల్లజెండా ఎగరేసేది కూడా అందుకే, ఎదుటివాళ్లు భయపడి తెరచాప దించేస్తే ఒక్క గుండు కూడా ఖర్చు కాకుండా పని అయిపోతుంది. ఆ రోజుల్లో ఓ మోస్తరు వర్తక ఓడలో ఇరవై మంది ఉంటే ఎక్కువ. యజమాని జీతాలు మిగుల్చుకోవడానికి అంతకంటే పెట్టడు. అదే సైజు దొంగ ఓడలో ఎనభై మంది, వంద మంది కిక్కిరిసి ఉండేవాళ్లు. కత్తులు పట్టుకున్న వందమంది రెయిలింగు దాటి దూకితే పాపం ఆ ఇరవై మంది కళాసీలు, అదీ జీతం కూడా సరిగ్గా అందనివాళ్లు, ఎవరి సరకు కోసం చావాలి?

అట్లాంటిక్‌లో పైరేట్ల స్వర్ణయుగం అంటామే, 1690ల నుంచి 1720ల మధ్య దాకా, అప్పుడు వాళ్లకి ఇష్టమైనది స్లూప్ అనే రకం. ఒకే స్తంభం, ఓడ పొడుగునా అమర్చిన తెరచాప. అడ్డంగా కట్టే చతురస్రపు తెరచాపల ఓడ కంటే ఇది గాలికి ఎదురుగా ఎక్కువ కోణంలో పోగలదు. అంటే గాలి ఎటునుంచి వస్తోందో ఆ వైపుకి పారిపోతే పెద్ద ఓడ వెనకాల పడి రాలేదు. జమైకాలో, బెర్ముడాలో కట్టిన స్లూప్‌లకి మంచి పేరుండేది. బెర్ముడా వాళ్లు అక్కడి సెడార్ కొయ్యతో కట్టేవారు, తేలిక, తొందరగా కుళ్లదు. వర్తకులు కూడా అవే కొనుక్కునేవారు, దొంగలు అవే ఎత్తుకుపోయేవారు.

ఈ "ఎత్తుకుపోవడం" అన్న మాట గుర్తుపెట్టుకోండి. పైరేట్ ఓడ అని ప్రత్యేకంగా కట్టిన ఓడ దాదాపు ఉండదు. ఏ రేవులో ఏ వడ్రంగి కడతాడు వాళ్లకి? చిన్న పడవతో మొదలుపెట్టి, దాంతో ఒక స్లూప్ పట్టి, ఆ స్లూప్‌తో ఇంకా పెద్దది పట్టి, పాతది వదిలేయడమో తగలబెట్టడమో చేసేవారు. పట్టిన ఓడని తమ పనికి తగ్గట్టు మార్చేవారు. పైన ఉన్న కేబిన్లు, ఎత్తైన కట్టడాలు కోసిపారేసి డెక్ చదును చేయడం, పక్కలకి కన్నాలు పెట్టి ఫిరంగులు అదనంగా ఎక్కించడం లాంటివి.

పెద్ద ఓడలు అసలు వాడలేదా అంటే కొందరు వాడారు, వాటిలో చాలా వరకు బానిసల ఓడలు. ఇది చాలామందికి తెలియదు. ఆఫ్రికా నుంచి మనుషుల్ని సరకులా నింపుకుని అట్లాంటిక్ దాటించే ఓడ వేగంగా వెళ్లాలి, ఆలస్యమైతే లోపల మనుషులు చచ్చిపోతారు, యజమానికి ఆ నష్టం లెక్క తెలుసు. వందల మందికి వండే పాత్రలు, నీళ్ల పీపాలు, తిరుగుబాటు వస్తే అణచడానికి ఫిరంగులు అన్నీ ముందే ఉంటాయి. నూటయాభై మంది దొంగలకి అంతకంటే సిద్ధంగా దొరికే ఓడ ఏముంటుంది! బ్లాక్‌బియర్డ్ అనే ఎడ్వర్డ్ టీచ్ 1717 నవంబరులో పట్టిన ఫ్రెంచి ఓడ లా కాంకోర్డ్ అలాంటిదే, దానికే క్వీన్ యాన్స్ రివెంజ్ అని పేరు మార్చి నలభై దాకా ఫిరంగులు ఎక్కించాడు. శామ్ బెల్లమీ అనే ఇంకో పైరేట్ పట్టిన విడా అనే ఓడ కూడా బానిసల ఓడే, 1717 ఏప్రిల్‌లో అమెరికా తీరంలో కేప్ కాడ్ దగ్గర తుపానులో మునిగిపోయింది. 1984లో దొరికింది, మరుసటి ఏడు దాని గంట కూడా బయటపడింది, పేరుతో సహా. పైరేట్ ఓడ అని అనుమానం లేకుండా తేలిన మొదటి శిథిలం అదే.

మరి పెద్ద ఓడ వల్ల బ్లాక్‌బియర్డ్‌కి ఏం ఒరిగింది? 1718 మే నెలలో అమెరికాలోని చార్ల్‌స్టన్ రేవుని కొన్ని రోజులు దిగ్బంధం చేయగలిగాడు, అంతే. జూన్‌లో ఉత్తర కరోలినా తీరంలో బోఫర్ట్ ఇన్‌లెట్ దగ్గర అది ఇసుకమేట ఎక్కి కూర్చుంది. తన మనుషుల వాటాలు ఎగ్గొట్టడానికి కావాలనే ఎక్కించాడని చాలామంది అంటారు. నాకూ అదే నమ్మబుద్ధి అవుతుంది, ఎందుకంటే ఆ తర్వాత నమ్ముకున్న కొద్దిమందితో చిన్న స్లూప్ అడ్వెంచర్‌లో వెళ్లిపోయాడు. చివరికి అతన్ని చంపింది కూడా పెద్ద ఓడ కాదు. వర్జీనియాలో ఉన్న నేవీ ఓడలు రెండూ ఓక్రకోక్ దగ్గరి తక్కువ నీళ్లలోకి పోలేవు. అందుకని లెఫ్టినెంట్ మేనార్డ్‌కి ఫిరంగులు లేని రెండు అద్దె స్లూప్‌లు ఇచ్చి పంపారు. 1718 నవంబరు 22న అవి కూడా ఇసుకలో ఇరుక్కుంటే, అడుగున బరువు కోసం వేసినవన్నీ సముద్రంలో పారేసి తేలారు. టీచ్ ఫిరంగి దెబ్బకి డెక్ మీద చాలామంది పడిపోయారు. మేనార్డ్ మిగిలినవాళ్లని కిందికి పంపి దాచిపెట్టాడు, ఖాళీ డెక్ చూసి టీచ్ దూకాడు, కింద నుంచి వాళ్లు పైకొచ్చారు. మనుషుల లెక్క మీద ఇన్నాళ్లు బతికినవాడు ఆ లెక్కలోనే మోసపోయాడు.

ఇంకొక విషయం, పుస్తకాల్లో రెండు ముక్కల్లో తేల్చేస్తారు గానీ ఓడ మీద పనిచేసినవాడికి అదే అసలు తలనొప్పి: ఓడ అడుగు. ఉష్ణమండల సముద్రంలో కొయ్య ఓడ కొన్ని నెలలు తిరిగితే అడుగున నాచు, గుల్లలు దట్టంగా పట్టేస్తాయి, వేగం బాగా పడిపోతుంది. దానికి తోడు టెరెడో అనే పురుగు కొయ్యని లోపల్లోపల తొలిచేస్తుంది, పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపలంతా డొల్ల. నేవీ వాళ్లకి డాక్‌యార్డులున్నాయి. దొంగలకి ఎవరూ లేని ఒక తీరం కావాలి. అక్కడ ఫిరంగులు, సరకు, పీపాలు అన్నీ దింపేసి, పోటులో ఓడని ఒడ్డు దాకా తెచ్చి, తాళ్లతో ఒక పక్కకి ఒరగలాగి, అడుగు గీకి, కాల్చి, తారు, కొవ్వు పూసి, మళ్లీ రెండో పక్కకి ఒరిగించి అదంతా మొదటి నుంచి. రోజుల తరబడి పట్టే పని, ఆ సమయంలో ఎవడొచ్చినా దొరికిపోతారు. పెద్ద ఓడ అయితే ఒరిగించడమే ఒక గండం. బహామాస్‌లో నసావు, మడగాస్కర్ పక్కన సెయింట్ మేరీ ద్వీపం దొంగల అడ్డాలుగా ఎందుకు మారాయో వెతికితే, సరకు కొనేవాళ్లు ఉండటంతో పాటు ఇలా అడుగు గీక్కోవడానికి నిబ్బరమైన చోటు దొరకడం కూడా ఒక కారణం.

పైరేట్లని పట్టబోయి తనే పైరేట్‌గా ఉరికెక్కిన కెప్టెన్ కిడ్ కథ దీనికి మంచి ఉదాహరణ. అతనిది అరుదుగా ఓడల్ని తరమడానికే కట్టిన ఓడ, అడ్వెంచర్ గ్యాలీ, 1695లో లండన్ దగ్గర డెట్‌ఫర్డ్‌లో కట్టారు, 34 ఫిరంగులు, తెరచాపలతో పాటు తెడ్లు కూడా, గాలి పడిపోయినా తరమడానికి. తమాషా ఏమిటంటే అది పైరేట్లని పట్టుకోమని పెట్టుబడిదారులు డబ్బు పెట్టి పంపిన ఓడ. హిందూ మహాసముద్రంలోకి వచ్చేసరికి అడుగు పాడై, రాత్రీ పగలూ నీళ్లు తోడుతూ ఉండాల్సి వచ్చింది. 1698 జనవరిలో మలబారు తీరం దగ్గర క్వెడా మర్చంట్ అనే ఓడని పట్టాడు, బెంగాల్ వైపు నుంచి సూరత్‌కి పట్టు, మస్లిన్, చక్కెర లాంటివి తీసుకుపోతున్న ఓడ. తన ఓడని సెయింట్ మేరీ దగ్గర వదిలేసి ఆ పట్టిన ఓడలోనే అమెరికా వైపు వెళ్లాడు. 1701 మే 23న లండన్‌లో ఉరితీశారు. మొదటిసారి తాడు తెగితే మళ్లీ తీశారు. క్వెడా మర్చంట్ శిథిలాలు 2007లో డొమినికన్ రిపబ్లిక్ తీరంలో దొరికాయి.

ఇక మన సముద్రం. పైరేట్ల చరిత్రలో అతి పెద్ద దోపిడీల్లో ఒకటి జరిగింది కరీబియన్‌లో కాదు, సూరత్‌కి కొన్ని రోజుల దూరంలో. హెన్రీ ఎవరీ అనే ఇంగ్లీషువాడు 1694లో స్పెయిన్ రేవులో జీతాలందక ఉడికిపోతున్న కళాసీలతో కలిసి తను పనిచేస్తున్న ఓడనే కాజేసి, దానికి ఫ్యాన్సీ అని పేరు పెట్టాడు. నలభై ఆరు ఫిరంగుల ఓడ. మడగాస్కర్ వైపు వచ్చాక దాని పైకట్టడాలు కోయించి, అడుగు గీకించి, ఈ సముద్రంలో దాన్ని అందుకునే ఓడ లేదన్నంత వేగంగా తయారుచేశాడు. హజ్ నుంచి తిరిగొచ్చే మొగలు ఓడల కోసం ఎర్రసముద్రం మూతి దగ్గర కాచుకున్నాడు, మరో ఐదు చిన్న దొంగ ఓడలు వచ్చి కలిశాయి. పాతిక ఓడల గుంపు రాత్రి చీకట్లో వాళ్ల పక్కనుంచే జారిపోయింది! తెల్లారాక తెలుసుకుని వెంటపడ్డారు. నెమ్మదిగా నడిచేవి వెనకబడిపోయాయి, ఫ్యాన్సీ మాత్రం అందుకుంది. ముందు సూరత్ వర్తకుడు అబ్దుల్ గఫూర్ ఓడ ఫతే మహమ్మద్ దొరికింది, తర్వాత 1695 సెప్టెంబరులో ఔరంగజేబు సొంత ఓడ గంజ్-ఇ-సవాయి.

కాగితం మీద చూస్తే ఈ పోరు ఎవరీ గెలవకూడనిది. గంజ్-ఇ-సవాయిలో అరవైకి పైగా ఫిరంగులు, వందల మంది తుపాకీ సిపాయిలు. కానీ మొదట్లోనే ఓడలో ఒక ఫిరంగి పేలిపోయి సొంత మనుషుల్నే చంపింది, అటునుంచి వచ్చిన గుండు దెబ్బకి పెద్ద స్తంభం దెబ్బతింది. తెరచాప స్తంభం పోయిన ఓడ ఎన్ని ఫిరంగులున్నా కదలదు, తిరగదు. కెప్టెన్ కిందికి వెళ్లి దాక్కున్నాడని ఆ రోజుల్లో సూరత్‌లో ఉన్న మొగలు చరిత్రకారుడు రాశాడు. ఆ తర్వాత కొన్ని రోజుల పాటు యాత్రికుల్ని చిత్రహింసలు పెట్టారు, ఆడవాళ్లని చెరిచారు, కొందరు పరువు కోసం సముద్రంలో దూకి చనిపోయారు. ఎవరీని హీరోగా పాటలు కట్టుకున్న దేశం వేరే, దెబ్బ తిన్నది మనవాళ్లు. ఔరంగజేబు సూరత్‌లో ఈస్టిండియా కంపెనీ వాళ్లని సంకెళ్లు వేయించాడు, వాళ్ల వ్యాపారం ఆగిపోయింది, చివరికి మొగలు యాత్రికుల ఓడలకి కాపలా వస్తామని ఒప్పుకుని బయటపడ్డారు. ఎవరీ మాత్రం దొరకలేదు. అతని మనుషుల్లో ఐదుగుర్ని 1696లో ఉరితీశారు.

కాన్హోజీ ఆంగ్రే పైరేటేనా అని కూడా అడిగారు. ఇంగ్లీషువాళ్ల కాగితాల్లో పైరేట్. మరాఠాల లెక్కలో సర్‌ఖేల్, అంటే నౌకాదళాధిపతి. తన తీరం వెంట పోవాలంటే తన దగ్గర పాసు కొనుక్కోవాలన్నాడు, పోర్చుగీసువాళ్లు అంతకుముందు రెండు వందల ఏళ్లుగా అందరి దగ్గరా వసూలు చేస్తున్నది అదే! వాళ్లని ఎవరూ పైరేట్లు అనలేదు. నా మటుకు నేను ఆంగ్రేని ఆ జాబితాలో వేయను. కానీ అతని ఓడల గురించి చెప్పకుండా ఉండలేను. రెండు రకాలు. గురాబ్ అనేది రెండు, ఒక్కోసారి మూడు స్తంభాల ఓడ, వెడల్పు ఎక్కువ, నీళ్లలో తక్కువ మునుగుతుంది. ముందు భాగం మామూలు ఓడ ముక్కులా పైకి లేవకుండా కిందుగా, కోసుగా ముందుకి పొడుచుకుని ఉంటుంది, ఆ ముక్కు మీదుగా సూటిగా ముందుకి కాల్చే ఫిరంగులు. గల్లివాట్ చిన్నది, డెబ్బై టన్నులు దాటదు, నలభై యాభై తెడ్లు. కొంకణ తీరంలో గాలి సన్నగిల్లే సమయం చూసి గల్లివాట్లు తెడ్లు వేసుకుంటూ గురాబులని తాడు కట్టి లాక్కొచ్చి, ఎదుటి ఓడకి సరిగ్గా వెనక నిలబెట్టేవి. యూరోపు ఓడల ఫిరంగులన్నీ రెండు పక్కలా ఉంటాయి, వెనక ఒకటో రెండో. గాలి లేనప్పుడు ఆ ఓడ పక్కకి తిరగలేదు. వీళ్లు వెనకనుంచి స్తంభాలు, తెరచాపలు పడగొట్టాక గల్లివాట్లలో వందలమంది అన్ని వైపులా ఎక్కేసేవారు. అతని కోటల మీద, అంటే 1717లో విజయదుర్గం మీద, 1718లో ఖందేరీ మీద, 1721లో పోర్చుగీసులతో కలిసి అలీబాగ్ దగ్గరి కొలాబా మీద ఇంగ్లీషువాళ్లు పడి, ప్రతిసారీ వెనక్కి పోయారు. ఆయన కొడుకు తులాజీ హయాంలో 1756 ఫిబ్రవరిలో ఇంగ్లీషువాళ్లు వాట్సన్, క్లైవ్ విజయదుర్గం పట్టారు, అదీ పీష్వా వాళ్లతో చేతులు కలిపాకే. రేవులో కట్టేసి ఉన్న ఓడలకి నిప్పంటుకుని నౌకాదళం మొత్తం తగలబడిపోయింది.

మన తెలుగు తీరం గురించి ఎవరైనా అడుగుతారేమోనని ముందే చెప్తున్నా. 1680ల్లో సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, రాజు కొలువులో మెర్గుయి రేవు అధికారిగా ఉన్న శామ్యూల్ వైట్ అనే ఇంగ్లీషువాడు, గోల్కొండతో యుద్ధం అనే సాకు పెట్టుకుని మనవైపు వర్తకుల ఓడల్ని పట్టించాడు. రాజు పేరు, యుద్ధం పేరు, లాభం మాత్రం అతనిది. అంతకంటే పాతది ఇంకొకటుంది, ఓడ అక్కర్లేని దోపిడీ. తుపానులో కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడలోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పాత రాజులు స్వాధీనం చేసుకునేవారని, తాను మాత్రం సుంకం తప్ప ఏమీ తీసుకోనని కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో 1244లో అభయ శాసనం వేయించాడు. బాపట్ల జిల్లాలో ఉంది, అటు వెళ్తే చూసి రండి. తర్వాత యాభై ఏళ్లకి ఇటు వచ్చిన మార్కో పోలో, మలబారు, గుజరాత్ తీరంలో దొంగ ఓడలు ఇరవై ముప్పై కలిసి, ఒకదానికొకటి ఐదారు మైళ్ల ఎడంతో వరసగా నిలబడి, వంద మైళ్ల సముద్రాన్ని కాపు కాసేవని, వర్తక ఓడ కనిపించగానే పొగతోనో మంటతోనో సంకేతం ఇచ్చుకునేవని రాశాడు. రాడార్ లేని రోజుల్లో అంతకంటే మంచి పద్ధతి నాకు తోచదు.

చైనా గురించి ఒక్క మాట: జెంగ్ యి సావో అనే ఆవిడ 1810లో ప్రభుత్వంతో బేరం కుదుర్చుకుని లొంగిపోయినప్పుడు ఆవిడ కింద రెండు వందలకు పైగా జంక్ అనే చైనా తెరచాప ఓడలు, వేలాది మనుషులు ఉన్నారు. అవి కూడా చాలావరకు పట్టుకున్న వర్తక జంక్‌లే. ఆవిడ కథకి విడిగా ఒక సమాధానం కావాలి.

ఇప్పుడు సోమాలియా. స్కిఫ్ అనే ఫైబర్ బోటు, ఏడెనిమిది మీటర్లు, వెనక శక్తిగల ఔట్‌బోర్డు ఇంజన్లు, పాతిక నాట్ల వేగం, అంటే గంటకి సుమారు 46 కిలోమీటర్లు. దాంట్లో ఐదారుగురు, ఒక రాకెట్ లాంచరు, నాలుగు ఏకే తుపాకులు, కొక్కేలున్న ఒక నిచ్చెన. బొగ్గు, ధాన్యం లాంటి విడి సరకు మోసే బల్క్ క్యారియర్ ఓడ నిండుగా ఉంటే దాని వేగం పన్నెండు, పదమూడు నాట్లు. పైగా నిండుగా ఉన్న ఓడ నీళ్లలోకి దిగిపోయి డెక్ కిందికి వచ్చేస్తుంది, నిచ్చెన అందుతుంది. ఓడ పొడుగు రెండు వందల మీటర్లున్నా లోపల మనుషులు ఇరవై, పాతిక మందే. ఆ పాత లెక్క ఇక్కడా ఏమీ మారలేదు చూడండి. స్కిఫ్ ఒంటరిగా తీరానికి వందల మైళ్ల దూరం రాలేదు కాబట్టి ముందు ఒక చేపల ట్రాలరునో, మన గుజరాత్ నుంచి వెళ్లే ఢౌ అనే కొయ్య సరకు పడవనో పట్టి, అందులోని మనుషుల్ని బందీలుగా ఉంచుకుని, దాన్నే మదర్ షిప్‌గా తిప్పేవారు. 2008 నవంబరులో సిరియస్ స్టార్ అనే చమురు ట్యాంకరుని, ఇరవై లక్షల పీపాల చమురుతో సహా, అలాగే పట్టుకుపోయారు. 2011 ఉధృతి. నైరుతి రుతుపవనం మొదలైతే మాత్రం స్కిఫ్‌లు ఆ అలల్లో బయటికి రాలేవు, ఆ నాలుగు నెలలు కొంచెం ఊపిరి పీల్చుకునేవాళ్లం.

మేం ఏం చేసేవాళ్లం అంటే, రెయిలింగు చుట్టూ ముళ్లచుట్టలు, పక్కలనుంచి ఫైర్ హోసులు పారించడం, ఇంజన్ ఎంత లాగితే అంత వేగం, 18 నాట్లు దాటిన ఓడల్ని వాళ్లు ఎక్కినట్టు అప్పటి సూచనల పుస్తకాల్లో లేదు. పాత బాయిలర్ సూట్లలో గుడ్డలు కుక్కి దిష్టిబొమ్మలు చేసి బ్రిడ్జి, అంటే ఓడ నడిపే గది, పక్కల నిలబెట్టేవాళ్లం, దూరం నుంచి కాపలావాళ్లలా కనబడతారని. నవ్వకండి, అది అధికారిక సూచనల్లోనే ఉంది. దొంగలు ఎక్కేస్తే అందరం ఇంజన్ రూమ్ వైపు ఉన్న ఒక గట్టి గదిలోకి పోయి తలుపులు బిగించుకుని నేవీ వచ్చేదాకా ఉండాలి, దాన్ని సిటడెల్ అంటారు. ఆ డ్రిల్లు చేసిన ప్రతిసారీ కుర్ర కళాసీల మొహాల్లో టెన్షన్ కనిపించేది, మాకు లేదని కాదు, చూపించకూడదు అంతే. తర్వాత ప్రైవేటు సాయుధ గార్డులు వచ్చారు, నేవీల కాపలా పెరిగింది, దాడులు పడిపోయాయి. అయిపోయిందనుకుంటే 2023 డిసెంబరులో ఎంవీ రుయెన్ అనే బల్క్ క్యారియర్‌ని పట్టేశారు, పట్టి దాన్నే మదర్ షిప్‌గా తిప్పడం మొదలుపెట్టారు. 2024 మార్చిలో మన నేవీ ఐఎన్‌ఎస్ కోల్‌కతాతో అడ్డగించి, విమానం నుంచి మార్కోస్ కమాండోలని దింపి, 35 మంది దొంగల్ని లొంగదీసి, 17 మంది సిబ్బందిని ప్రాణాలతో బయటికి తెచ్చింది. 2022లో మనం చేసుకున్న యాంటీ పైరసీ చట్టం కింద ఆ దొంగల్ని ముంబై తెచ్చి కేసు పెట్టారు.

చివర్లో పాతిపెట్టిన నిధుల గురించి అడిగారు కదా. కిడ్ ఒక్కడు న్యూయార్క్ దగ్గర గార్డినర్స్ ద్వీపంలో కొంత దాచాడు, గవర్నరు దాన్ని వెంటనే తవ్వించి సాక్ష్యంగా పట్టుకుపోయాడు. మిగతావాళ్లకి దాచేంత బంగారం ఎప్పుడో గానీ దొరకలేదు. దోచినదాంట్లో ఎక్కువ భాగం బట్టలు, చక్కెర, తాళ్లు, తెరచాప గుడ్డ. చార్ల్‌స్టన్ మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకుని బ్లాక్‌బియర్డ్ అడిగింది కూడా ఒక పెట్టెడు మందులే.